రేక్యావిక్‌లో మూడు రోజులు, అమ్మానాన్నలతో: ఊరు చూడాలా, టూర్లు పట్టాలా?

మీరు అడిగింది ఇదీ కదా: అక్టోబర్ మధ్యలో బోస్టన్ నుంచి లండన్ వెళ్తూ దారిలో ఐస్‌లాండ్‌లో మూడు రోజులు ఆగుతున్నారు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు వెంట ఉన్నారు, నాన్నగారు రెవెన్యూ డిపార్ట్‌మెంట్‌లో చేసి రిటైరయ్యారు, అమ్మగారు ప్యూర్ వెజ్. రాజధాని రేక్యావిక్‌లో రాత్రి పడుకోడం తప్ప ఏముంటుంది, మూడు రోజులూ బయటి టూర్లే బుక్ చేసేయమంటారా అని. వద్దండి. నేను అక్కడ కొన్నేళ్లు ఉద్యోగం చేశా, వచ్చిన చుట్టాలందర్నీ తిప్పా, అందుకే కాస్త గట్టిగానే చెప్తున్నా.

ఒక్క రోజు గోల్డెన్ సర్కిల్ బస్సుకి ఇచ్చేయండి. థింగ్‌వెల్లిర్ నేషనల్ పార్క్, కొన్ని నిమిషాలకోసారి వేడినీళ్లు ఎగజిమ్మే స్ట్రోక్కుర్, గుల్‌ఫాస్ జలపాతం, మూడూ ఆ ఒక్క రోజులో అయిపోతాయి, పెద్దవాళ్లు కూడా హాయిగా చేయగలరు. నల్ల ఇసుక బీచ్ కోసం దక్షిణ తీరం టూరు పెట్టుకుంటే పది పదకొండు గంటల ప్రయాణం, యోకుల్‌సార్లోన్ మంచు సరస్సు దాకా అంటే పద్నాలుగు గంటల పైమాటే, 70కి దగ్గరపడ్డ మోకాళ్లకి అది టూరు కాదు శిక్ష. మిగతా రెండు రోజులు ఊళ్లో గడపండి. ఊరు చిన్నదే, జనాభా లక్షన్నర లోపు, చుట్టుపక్కల మునిసిపాలిటీలన్నీ కలుపుకున్నా రెండున్నర లక్షల దరిదాపుల్లోనే, దేశం మొత్తమే నాలుగు లక్షల లోపు. కానీ ఇదో తిక్క ఊరు. ఇక్కడివాళ్లు ఎంత పెద్ద జోకైనా మొహంలో నవ్వు కనపడనీకుండా అమలు చేసేస్తారు, అది బస్సు కిటికీలోంచి కనపడదు, తీరిగ్గా నడిస్తేనే కనపడుతుంది.

బోస్టన్ ఫ్లైట్ అంటే రాత్రి ఎక్కి తెల్లారుజామున దిగడం. కెఫ్లావిక్ ఎయిర్‌పోర్ట్ ఊరికి 50 కిలోమీటర్ల దూరం, ఫ్లైబస్ ఎక్కితే ముక్కాలు గంటలో బిఎస్ఐ బస్టాండ్‌లో దింపుతుంది. 55 నంబర్ సిటీ బస్సు ఉంది, చవక, కానీ అరుదుగా వస్తుంది, పైగా నిదానం, సామాన్లతో వద్దు. టాక్సీ మాట మర్చిపోండి. అసలు సమస్య అప్పుడు మొదలవుతుంది, హోటల్ చెక్-ఇన్ మధ్యాహ్నం మూడింటికి, మీరు ఉదయం ఏడున్నరకల్లా ఊళ్లో ఉంటారు, అక్టోబర్ మధ్యలో ఎనిమిదింపావు దాకా తెల్లారదు, బయట మూడు నాలుగు డిగ్రీలు. చాలామంది ఏదో కేఫ్‌లో తూలుతూ కూచుంటారు. మీరు మాత్రం సామాను హోటల్ రిసెప్షన్‌లో పడేసి నేరుగా స్విమ్మింగ్ పూల్‌కి వెళ్లండి. నిజంగానే చెప్తున్నా. మునిసిపల్ పూల్స్ మామూలు రోజుల్లో ఉదయం ఆరున్నరకే తెరుస్తారు, ఊరి మధ్యలోనే సుంధోల్ అని 1937 నాటి పూల్ ఉంది, ఈత రాకపోయినా ఫర్వాలేదు, అక్కడికి ఈతకి వచ్చేవాళ్లకంటే వేడినీళ్ల తొట్లలో మెడదాకా మునిగి కబుర్లు చెప్పుకోడానికి వచ్చేవాళ్లే ఎక్కువ.

ఇక్కడ మనవాళ్లకి వచ్చే ఇబ్బంది ఒకటుంది, ముందే చెప్పి తీసుకెళ్లండి. పూల్‌లోకి దిగేముందు బట్టలన్నీ విప్పి సబ్బుతో స్నానం చేయాలి, స్విమ్‌సూట్ తర్వాతే. మగవాళ్లకి ఆడవాళ్లకి గదులు వేరువేరు, కానీ గది లోపల అందరూ కలిసే. గోడ మీద మనిషి బొమ్మ వేసి ఎక్కడెక్కడ రుద్దుకోవాలో ఎర్రరంగులో గుర్తులు పెట్టి ఉంటాయి, తల, చంకలు, తొడల మధ్య, పాదాలు. ఎగ్గొడదామని చూస్తే అక్కడుండే అటెండెంట్ వెనక్కి పంపిస్తారు, మొహమాటం ఏమీ ఉండదు. నీళ్లలో క్లోరిన్ బాగా తక్కువ వేస్తారు, అందుకే ఇంత పట్టుదల. కొన్ని పూల్స్‌లో కర్టెనో తలుపో ఉన్న షవర్ కూడా ఉంటుంది, అమ్మగారు ఇబ్బంది పడితే కౌంటర్‌లో అడగండి. బూట్లు లాకర్ గది బయటే స్టాండులో వదలాలి, టవల్ లాకర్‌లో పెట్టకుండా షవర్ల దగ్గరి అరల్లో పెట్టాలి, తిరిగొచ్చేటప్పుడు ఒళ్లు పూర్తిగా తుడుచుకున్నాకే లాకర్ల వైపు వెళ్లాలి. నేల తడిపితే ముసలాయన ఎవరో ఒకరు కచ్చితంగా చూస్తారు, ఏమీ అనరు, ఆ చూపు చాలు.

తొట్ల దగ్గర టెంపరేచర్ రాసి ఉంటుంది, 38 నుంచి 44 దాకా. పెద్దవాళ్లు 38తో మొదలుపెట్టి కాసేపే ఉండాలి, బీపీ మందులు వాడుతుంటే 44 వైపు అసలు వెళ్లొద్దు. చల్లటి గాలి మొహానికి కొడుతుంటే మెడ కింద అంతా వేడి, పక్కన ఇద్దరు ఏదో రాజకీయం వాదించుకుంటుంటారు, వాళ్లలో ఒకరు బ్యాంకు మేనేజర్, ఇంకొకరు బస్సు డ్రైవర్ అయుండొచ్చు, నీళ్లలో తేడా తెలీదు. పిల్లలుంటే పెద్ద జారుడుబల్ల ఉన్న లోయ్‌గార్‌డాల్స్‌లోయ్‌గ్ బాగుంటుంది, స్థానికుల మధ్య కూర్చోవాలంటే వెస్తుర్‌బయార్‌లోయ్‌గ్. బ్లూ లగూన్ సంగతి అడిగారు, అది ఊళ్లో లేదు, ఎయిర్‌పోర్ట్ వైపు గ్రిండవిక్ దగ్గర, 2023 చివర్నుంచి అక్కడ లావా పగుళ్లు తెరుచుకుంటూ ఉండటంతో మధ్యమధ్యలో మూసేస్తున్నారు, టికెట్టూ ఖరీదే. ఆ డబ్బుతో మునిసిపల్ పూల్‌కి చాలాసార్లు వెళ్లొచ్చు. నన్నడిగితే బ్లూ లగూన్ ఫోటోల కోసం, పూల్ ఒంటికోసం.

హోటల్ కుళాయి తిప్పగానే వేడినీళ్లు ఉడికిన కోడిగుడ్డు వాసన వస్తాయి, డ్రైనేజీ అనుకుని రిసెప్షన్‌కి ఫోన్ చేయకండి. భూమిలోంచి వచ్చే వేడినీళ్లవి, గంధకం వాసన. 1930లో ఊళ్లోని బావుల నుంచి మూడు కిలోమీటర్ల పైపు వేసి ముందుగా ఒక స్కూల్‌నీ కొన్ని ఇళ్లనీ వెచ్చబెట్టారు, అంతకుముందు ఊరంతా బొగ్గు పొగే, ఇప్పుడు దాదాపు ప్రతి ఇల్లూ ఆ నీళ్లతోనే వెచ్చగా ఉంటుంది, ఇళ్లలో వాడేశాక గోరువెచ్చగా మిగిలిన నీళ్లని డౌన్‌టౌన్ ఫుట్‌పాత్‌ల కింద పైపుల్లో తిప్పి మంచు కరిగిస్తారు. అమ్మగారి వెండి పట్టీలు, మెట్టెలు ఆ నీళ్లకి నల్లబడతాయి, స్నానానికి ముందు తీసి పెట్టమనండి. చన్నీళ్ల పైపు వేరే, అది ఊట నీరు, శుద్ధి చేయాల్సిన పని కూడా లేనంత బాగుంటుంది. వాటర్ బాటిల్ కొనడం డబ్బులు తగలేయడమే, కాకపోతే చన్నీళ్లు కాసేపు వదిలాక పట్టుకోండి.

ఇంక నడక. హల్‌గ్రిమ్స్‌కిర్క్యా చర్చితో మొదలుపెట్టండి, ఎక్కడున్నా కనపడుతుంది, 74.5 మీటర్లు. ఐస్‌లాండ్‌లో లావా చల్లారి స్తంభాల్లా గడ్డకట్టిన నల్లరాళ్లుంటాయి, ఆ ఆకారం ముందువైపు కాంక్రీట్‌లో తెచ్చారు, 1945లో మొదలై 1986లో గానీ పూర్తవలేదు, నలభై ఏళ్ల కట్టుబడి అంటే నాన్నగారికి ఇంజనీరింగ్ శాఖ వాళ్లెవరో గుర్తుకొస్తారు. లోపలికి ఉచితం, గోపురానికి టికెట్, లిఫ్ట్ ఉంది. పైకెక్కితే ఊరంతా ఎర్ర, నీలం, ఆకుపచ్చ రేకులు. ఆ ఇళ్లు దగ్గరికెళ్లి చూడండి, కప్పు ఒక్కటే కాదు గోడలు కూడా ముడతల రేకే, మన ఊళ్లో సిమెంటు గోడౌన్ రేకుకి మంచి పెయింటేసి కిటికీ దగ్గర లేసు కర్టెన్ కట్టినట్టుంటుంది. కలప దొరకని దేశం, ఈదర వానకి ఉన్న కలపా పాడైపోతుంది, 19వ శతాబ్దం చివర్లో బ్రిటన్ నుంచి రేకులు రావడం మొదలయ్యాక చెక్క ఇళ్లన్నిటికీ తొడిగేశారు. 1915లో పెద్ద అగ్నిప్రమాదంలో ఊరి మధ్యభాగం కాలిపోయాక కాంక్రీట్ వచ్చింది.

చర్చి నుంచి రెయిన్‌బో రంగులేసిన స్కోలవోర్దుస్టీగుర్ వీధిలో కిందకి దిగితే మోక్కా అని 1958 నాటి కాఫీ షాపు, జామ్ క్రీమ్‌తో వాఫిల్ అక్కడి స్పెషల్. ఇంకా కిందకెళ్తే బాంకాస్త్రయ్తి వీధిలో 0 నంబర్, అవును సున్నా నంబర్, నేల కింద ఒకప్పటి పబ్లిక్ టాయిలెట్ అది, ఇప్పుడు పంక్ అనే రాక్ సంగీతం మ్యూజియం. 2016లో తెరిచారు, గోడల నిండా పాత పోస్టర్లు, ఇరుకు, పది నిమిషాల్లో అయిపోతుంది. మెట్లు దిగి చూసి రండి చాలు, నాన్నగారికి టికెట్ దండగ.

ఆయన్ని నేరుగా త్యోర్నిన్ చెరువు ఒడ్డున ఉన్న సిటీ హాల్ దగ్గరికి తీసుకెళ్లండి. పక్కనే ఒక విగ్రహం ఉంటుంది, సూటేసుకుని చేతిలో బ్రీఫ్‌కేసుతో ఆఫీసుకి నడుస్తున్న మనిషి, నడుం దాకా మామూలు మనిషే, అక్కణ్ణుంచి తలా భుజాలూ ఏమీ లేవు, ఒక పెద్ద నల్లరాయి దిమ్మ. పేరు తెలియని గుమస్తా స్మారకం అది. మాగ్నూస్ తోమాసన్ అనే శిల్పి 1994లో చేశాడు. యుద్ధంలో పోయిన పేరు తెలియని సైనికుడికి ప్రతి దేశంలో స్మారకం ఉంటుంది, ఫైళ్ల కింద నలిగిపోయినవాడికి మాత్రం వీళ్లే పెట్టారు. ముప్పై ఏళ్లు జమాబందీలు, ఆడిట్ పేరాలు చూసిన మనిషికి ఆ ఒక్క బొమ్మ చాలు, మిగతా ఊరంతా బోనస్.

అదే సిటీ హాల్‌లో 2010 నుంచి 2014 దాకా మేయర్‌గా కూచున్నది యోన్ గ్నార్ అనే కమెడియన్. 2008లో బ్యాంకులు కుప్పకూలి దేశం దివాళా అంచుకొచ్చింది, జనం పార్లమెంట్ ముందు గిన్నెలు గరిటెలు వాయించి ప్రభుత్వాన్ని దింపారు, ఆ కోపంలో ఈయన బెస్ట్ పార్టీ అని ఒకటి పెట్టాడు. జూకి ధ్రువపు ఎలుగుబంటి తెస్తాం, స్విమ్మింగ్ పూల్స్‌లో టవళ్లు ఫ్రీ, ఇచ్చిన హామీలు తప్పుతామని కూడా ఇప్పుడే హామీ ఇస్తున్నాం అన్నాడు. 15 సీట్లలో 6 గెలిచాడు. తమాషా ఏంటంటే మేయరయ్యాక నాలుగేళ్లూ బుద్ధిగా పనిచేసి, మళ్లీ నిలబడకుండా వెళ్లిపోయాడు. ఎలుగుబంటి రాలేదు. టవల్ కూడా ఇప్పటికీ ఫ్రీ కాదు, మీది మీరే పట్టుకెళ్లండి.

ఇదేదో ఈమధ్య వచ్చిన తిక్క అనుకోకండి. 1924 నుంచి 1984 దాకా ఈ ఊళ్లో కుక్కని పెంచుకోవడం నిషేధం, కుక్కల వల్ల మనుషులకి బద్దెపురుగు జబ్బు వస్తోందని, అందుకే ఇప్పటికీ వీధుల్లో రాజ్యం పిల్లులదే, షాపుల్లో సోఫాల మీద ఎవరిదో తెలియని పిల్లి నిద్రపోతుంటుంది. 1987 దాకా గురువారం ప్రభుత్వ టీవీ ప్రసారాలు ఉండేవి కావు. బీరు అయితే 1989 మార్చి 1 దాకా చట్టవిరుద్ధం, బ్రాందీ మాత్రం దొరికేది, లాజిక్ అడక్కండి.

దెయ్యాల మాటా, కంటికి కనపడకుండా రాళ్లలో గుట్టల్లో ఉంటారని ఇక్కడివాళ్లు చెప్పుకునే చాటుమనుషుల మాటా వినే ఉంటారు. పక్కనే కోపవోగుర్‌లో ఆల్వ్‌హోల్స్‌వేగుర్ అనే రోడ్డు ఒకచోట హఠాత్తుగా సన్నబడుతుంది, అక్కడో గుట్టలో చాటుమనుషులుంటారని, తవ్వబోతే పనిముట్లు విరిగాయని చెప్పి రోడ్డునే పక్కకి జరిపారు. మన దగ్గర రోడ్డు మధ్యలో పోతరాజు రాయిని ఎవరైనా తీశారా? నమ్ముతారా అని అక్కడివాళ్లని అడిగితే నవ్వేసి, లేరని మాత్రం నేనెలా చెప్పగలను అంటారు. 1986 అక్టోబర్‌లో అమెరికా అధ్యక్షుడు రీగన్, సోవియట్ నేత గోర్బచేవ్ అణ్వాయుధాల మీద మాట్లాడుకున్న హోఫ్డీ ఇంటికి కూడా దెయ్యం కథ ఉంది, తెల్లటి ఇల్లు, సముద్రం ఒడ్డునే, బయటి నుంచి చూడ్డమే.

మ్యూజియం ఒక్కటే చూడగలం అంటే ఆదాల్‌స్త్రయ్తిలోని సెటిల్‌మెంట్ ఎగ్జిబిషన్ చూడండి. 2001లో హోటల్ కట్టడానికి తవ్వుతుంటే పదో శతాబ్దపు పొడవాటి ఇంటి పునాది బయటపడింది, దాన్ని కదపకుండా అక్కడే ఉంచి చుట్టూ మ్యూజియం, పైన హోటల్ కట్టారు. దాని పక్కనే ఒక గోడ ముక్క ఇంకా పాతది, 870ల నాటి అగ్నిపర్వతం బూడిద పొర దానికి పైన పడి ఉంది, అంటే గోడ ముందు, బూడిద తర్వాత. ఈ ఊళ్లో మనిషి చేతి పనిలో అంతకంటే పాతది కనపడదు. పురుషాంగాల మ్యూజియం అని ఇంకోటుంది, ఒక స్కూల్ టీచర్ 1997లో పెట్టాడు, తిమింగలం నుంచి ఎలుక దాకా అన్నిటివీ సీసాల్లో, పూర్తి సీరియస్‌గా లేబుళ్లతో సహా. అమ్మానాన్నలతో వెళ్తున్నారు కాబట్టి నేనేమీ చెప్పను, మీ ఇష్టం. హార్పా అనే సంగీత కచేరీల భవనం గాజు గోడలు మబ్బు పట్టిన రోజు కూడా రంగు మారుతుంటాయి, లోపలికి ఉచితం, వాన వస్తే దూరిపోడానికి మంచి చోటు. సముద్రం ఒడ్డున స్టీలు పడవలా ఉండే సోల్‌ఫారిద్ అక్కణ్ణుంచి పది నిమిషాల నడక. పఫిన్ పక్షుల కోసం ఆశ పెట్టుకోకండి, ఆగస్టుకే వెళ్లిపోతాయి, అక్టోబర్‌లో గిఫ్ట్ షాపుల్లో బొమ్మలే.

తిండి. కిచెన్ ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోండి, అమ్మగారుంటే ఇది తప్పనిసరి. బయటి నుంచి తిండి సామాను మనిషికి కొన్ని కిలోల దాకా తెచ్చుకోవచ్చు, పచ్చి మాంసం లాంటివి తప్ప, కాబట్టి పప్పు, పొడులు, ఆవకాయ బోస్టన్ నుంచే సర్దుకోండి. కూరగాయలు, పాలు, స్కిర్ పెరుగు గులాబీ పంది బొమ్మ ఉన్న బోనుస్ సూపర్‌మార్కెట్‌లో కొనండి, వీధి మూలల్లో రాత్రంతా తెరిచి ఉండే చిన్న షాపుల్లో అదే వస్తువు బాగా ఎక్కువ రేటు, కాకపోతే బోనుస్ ఉదయం ఆలస్యంగా తీసి సాయంత్రం త్వరగా కట్టేస్తారు. ఒక పూట బయట తినాలంటే హ్వెర్విస్‌గాటాలో 1994 నుంచి నడుస్తున్న ఆస్తుర్-ఇందియాఫ్యెలాగిద్ అనే ఇండియన్ రెస్టారెంట్ ఉంది, చవక కాదు, ముందుగా టేబుల్ బుక్ చేసుకోవాలి. మీకు నాన్‌వెజ్ అభ్యంతరం లేకపోతే హార్బర్ దగ్గర 1937 నుంచి ఉన్న బయ్యారిన్స్ బెస్తూ హాట్‌డాగ్ బండి, అమెరికా మాజీ అధ్యక్షుడు క్లింటన్ కూడా 2004లో తిన్నాడు, ఆయన ఆవపిండి సాస్ ఒక్కటే వేయించుకున్నాడు, మీరు ఆ తప్పు చేయకుండా అన్నీ వేయమనండి, అసలు రుచి వేయించిన ఉల్లిపాయలో ఉంది. దాంట్లో గొర్రె మాంసంతో పాటు పంది, గొడ్డు మాంసం కూడా కలుస్తాయి, తెలిసి తినండి. కార్డు ప్రతిచోటా పనిచేస్తుంది, నోట్లు మార్చాల్సిన పనే లేదు, టిప్ ఎవరూ ఆశించరు.

నార్తర్న్ లైట్స్‌కి, అంటే రాత్రి ఆకాశంలో ఆడే అరోరా వెలుగులకి, అక్టోబర్ మంచి నెలే, కానీ డబ్బు కట్టి టూరెక్కేముందు వాతావరణ శాఖ సైట్‌లో మబ్బుల మ్యాప్ చూడండి, అరోరా నంబర్ ఎంతున్నా మబ్బుంటే ఏమీ కనపడదు. మబ్బు లేకపోతే ఊరి చివర గ్రోట్టా లైట్‌హౌస్ వైపు సిటీ బస్సులోనే వెళ్లొచ్చు, అక్కడ చీకటి బాగుంటుంది. లైట్‌హౌస్ దాకా ఉన్న దారి పోటు వస్తే మునిగిపోతుంది, అమ్మానాన్నల్ని ఇవతలే ఉంచండి. 2016 సెప్టెంబర్‌లో ఒక రాత్రి అరోరా బాగా వస్తోందని ఊళ్లో వీధిదీపాలే ఆర్పేశారు, మీకు ఆ అదృష్టం పడుతుందని చెప్పలేను.

వీసా విషయం ఆలస్యం చేయకండి. అమ్మానాన్నలకి అమెరికా విజిటర్ వీసా, యూకే వీసా ఉన్నా సరే ఐస్‌లాండ్‌లో ఎయిర్‌పోర్ట్ బయట అడుగుపెట్టాలంటే షెంగెన్ వీసా (చాలా ఐరోపా దేశాలకి ఉమ్మడి వీసా) కావాలి, ఎంత తక్కువ రోజులు ఆగినా సరే. అది ఇండియాలో ఉండగానే తీసుకుంటే సుఖం, విజిటర్‌గా అమెరికా వచ్చాక అక్కణ్ణుంచి అప్లై చేయడం తలనొప్పి. చలికంటే గాలి ఎక్కువ బాధపెడుతుంది, గొడుగు రెండో నిమిషంలోనే తిరగబడుతుంది, వాటర్‌ప్రూఫ్ జాకెట్, చెవులు కప్పే టోపీ, పట్టు జారని బూట్లు చాలు. ఈసారికి కారు వద్దు. తీసుకున్నా తలుపు తెరిచేటప్పుడు రెండు చేతుల్తో పట్టుకోండి, గాలికి తలుపు విరిగితే చాలా ఇన్సూరెన్సులు డబ్బివ్వవు.

ఏం కొనాలని కూడా అడిగారు. లోపాపెయిసా ఉన్ని స్వెటర్ ఒక్కటే డబ్బుకి విలువున్న వస్తువు, స్కోలవోర్దుస్టీగుర్‌లోనే చేత్తో అల్లేవాళ్ల సంఘం షాపు ఉంది, చవకేం కాదు, కాస్త గుచ్చుకుంటుంది కాబట్టి లోపల పొడుగు చేతుల బనియన్ ఉండాలి. ఆఫీసు వాళ్లకి చాక్లెట్ పంచాలంటే కవర్ మీద లక్రిస్ అని ఉందేమో చూసుకోండి, అది ఉప్పు వేసిన అతిమధురం, ఐస్‌లాండ్ వాళ్లు చాక్లెట్ లోపల కూడా పెట్టుకుని ఇష్టంగా తింటారు. ముందు ఒక చిన్న ప్యాకెట్ కొని నాన్నగారికి ఇచ్చి చూడండి, ఆయన ఉమ్మేయకపోతే అప్పుడు పెద్దది కొనండి.